"అంతా బావుందమ్మా" అనే మాట వెనక: నేవీలో చేరిన కొడుకు, ఇంట్లో ఉన్న అమ్మానాన్న - ఒక కేస్ స్టడీ

నేను ఫ్యామిలీ కౌన్సెలర్‌ని. అగ్నిపథ్ (కుర్రాళ్లని నాలుగేళ్లకి సైన్యం, నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లలోకి తీసుకునే పథకం, ఇందులో చేరినవాళ్లే అగ్నివీర్‌లు) వచ్చాక, అంటే 2022 జూన్‌లో ప్రకటించినప్పటి నుంచి, డిఫెన్స్‌లో చేరిన పిల్లల తల్లిదండ్రులు నా దగ్గరికి రావడం బాగా పెరిగింది. పిల్లలు మరీ చిన్నవాళ్లు, పదిహేడున్నర ఏళ్లకే అప్లై చేసుకోవచ్చు కదా, నిన్నటి దాకా ఇంటర్ హాల్ టికెట్ ఎక్కడ పెట్టావే అమ్మా అని అడిగిన పిల్లాడు ఇవాళ యూనిఫాంలో ఉంటాడు. పిల్లాడికి శిక్షణ ఇవ్వడానికి అక్కడ పెద్ద వ్యవస్థే ఉంది, ఇంట్లో వాళ్లకి మాత్రం ఎవరూ ఏమీ చెప్పరు. అందుకే ఈ కేసు పూర్తిగా రాస్తున్నా. కుటుంబం ఒప్పుకుంది, అబ్బాయి కూడా చదివి సరే అన్నాడు, గుర్తుపట్టే వివరాలు మార్చేశా.

అబ్బాయికి 19 ఏళ్లు, ఎంపీసీ చదివాడు, నేవీలో అగ్నివీర్ ఎస్ఎస్ఆర్‌గా (సీనియర్ సెకండరీ రిక్రూట్, అంటే ఇంటర్ అర్హతతో తీసుకునేవాళ్లు) సెలెక్ట్ అయ్యి నవంబర్ బ్యాచ్‌లో ఐఎన్ఎస్ చిల్కాకి వెళ్లాడు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, ఒడిశాలో చిల్కా సరస్సు ఒడ్డున ఉంటుంది ఈ ట్రైనింగ్ సెంటర్, 1980 నుంచి ఉంది, అగ్నివీర్‌ల మొదటి శిక్షణ ఇక్కడే, దాదాపు 16 వారాలు. ఇంకో సంగతి, సెలెక్షన్ లిస్టులో పేరొచ్చినంత మాత్రాన అయిపోయినట్టు కాదు, ఆఖరి మెడికల్ కూడా చిల్కా వెళ్లాకే చేస్తారు. అది దాటాకే ఇంట్లో వాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. వీళ్లూ అంతే, మెడికల్ అయిపోయిందని తెలిసిన రోజు స్వీట్లు పంచారట, ఇక భయం లేదనుకున్నారు.

ఇంట్లో తండ్రి (ప్రైవేట్ ఉద్యోగం), తల్లి, ఇంటర్ చదివే చెల్లి, నాయనమ్మ. నా దగ్గరికి వచ్చింది ఐదో వారంలో. తల్లికి నిద్ర పట్టట్లేదని తీసుకొచ్చారు. ఆ బ్యాచ్ వాళ్లకి ఫోన్ ఆదివారం పూట కొద్దిసేపే, మిగతా వారమంతా డిపాజిట్‌లో ఉంటుంది. ఈవిడ శనివారం రాత్రి నుంచే ఫోన్ ఛార్జింగ్ చూసుకుంటూ కూర్చుంటుంది, ఆదివారం తలస్నానం మానేసింది, స్నానంలో ఉండగా కాల్ వస్తే ఎత్తలేనని. చెల్లి చెప్పింది ఈ మాట, తల్లి సిగ్గుపడి తల దించుకుంది. నేను ఆవిడకి చెప్పాను, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదండీ, పందొమ్మిదేళ్లు రోజూ చూసిన మనిషి వారానికి కొన్ని నిమిషాలకి కుదించుకుపోతే ఒళ్లు ఇలాగే స్పందిస్తుంది అని.

తర్వాత నేను ఒక పని చేశా, అదే ఈ కేసుని తిప్పిందని నా నమ్మకం. కిందటి ఆదివారం కాల్‌లో ఎవరు ఏం అన్నారో గుర్తున్నంత వరకు వరసగా చెప్పమన్నా, నేను పేపర్ మీద రాశా. కాల్ లాగ్‌లో 9 నిమిషాలు ఉంది. తిన్నావా, సరిగ్గా పెడుతున్నారా, చిక్కిపోయావా, జ్వరం ఏమైనా వచ్చిందా, కాళ్లు నొప్పులా, నిద్ర పోతున్నావా, ఎవరైనా తిడుతున్నారా, ఇవి తల్లివి, లెక్కపెడితే పద్నాలుగు ప్రశ్నలు. తర్వాత ఫోన్ తండ్రికి, "ధైర్యంగా ఉండు, మన పరువు నీ చేతిలో ఉంది, అందరికీ చెప్పుకున్నాం". తర్వాత నాయనమ్మ, ఆవిడకి సరిగ్గా వినపడదు, రెండు నిమిషాలు దానికే పోయాయి. తర్వాత చెల్లి. మరి అబ్బాయి ఏమన్నాడు అంటే, "ఊ", "బావున్నా", "తింటున్నా", "అంతా బావుందమ్మా", "టైమ్ అయిపోయింది పెట్టేస్తా". ఆ పేపర్ వాళ్ల ముందు పెట్టి, ఇందులో మీవాడు తనంతట తాను చెప్పిన ఒక్క వాక్యం చూపించండి అన్నా. నలుగురూ చాలాసేపు చూశారు. లేదు.

ఆ 9 నిమిషాలు ఇంట్లో వాళ్లు తమ భయం తీర్చుకోవడానికి వాడుకున్నారు. తప్పని అనను, ప్రేమే అది, కానీ పిల్లాడికి వారంలో ఉన్న ఒకే ఒక్క కిటికీ అది, దాన్ని మనం నింపేస్తే వాడు చూసేదెక్కడ.

ఇక్కడ నేనొక తప్పు చేశా, అది కూడా రాయాలి. మొదటి సెషన్ చివర్లో తల్లికి "ఫోన్‌లో ఏడవకండి, మామూలుగా మాట్లాడండి" అని చెప్పా. అందరూ చెప్పే సలహానే. ఆవిడ నా మాట అక్షరాలా పాటించింది, తర్వాతి ఆదివారం ఏడుపు ఆపుకోవడం కోసం పొడిపొడిగా, ఎవరో పరాయి మనిషి మాట్లాడినట్టు మాట్లాడింది. పది నిమిషాల తర్వాత అబ్బాయి పక్కబెడ్ కుర్రాడి ఫోన్ నుంచి చెల్లికి చేశాడు, "అమ్మకేమైంది, నాయనమ్మకి ఏమైనా అయిందా, నిజం చెప్పవే" అని. ఆ వారమంతా వాడు అదే దిగులుతో పరేడ్ చేశాడట. పిల్లలకి అమ్మ గొంతు తెలుసు, ఏది మామూలో ఏది కాదో తెలుసు. రెండో సెషన్‌లో ఆ సలహా వెనక్కి తీసుకుని ఆవిడకి క్షమాపణ చెప్పా. ఏడుపొస్తే ఏడవండి, ఎందుకో మాత్రం చెప్పండి, "గుర్తొచ్చావు నాన్నా, అందుకే ఏడుపొచ్చింది, నేను బానే ఉన్నా" అని. కారణం తెలిసిన ఏడుపు పిల్లల్ని భయపెట్టదు, కారణం తెలియని మౌనం భయపెడుతుంది.

ఇంకో రెండు మార్పులు చేశాం. వారమంతా గుర్తొచ్చిన ప్రశ్నలు, ఇంటి కబుర్లు ఒక నోట్‌బుక్‌లో రాసి బుధవారం ఉత్తరంగా పోస్ట్ చేయడం. ఈ రోజుల్లో ఉత్తరాలేంటి మేడమ్ అన్నారు తండ్రి. కానీ ఉత్తరం వాడి దగ్గర ఉంటుంది, రాత్రి లైట్లు ఆర్పేముందు ఇంకోసారి చదువుకోవచ్చు, ఫోన్ కాల్ అలా దాచుకోలేడు. రెండోది, కాల్ ఎత్తగానే ఒకే ప్రశ్న, "ఈ వారం ఎలా నడిచింది రా", అడిగి ఆగిపోవడం. వాడు ఆలోచించుకునే ఆ ఐదారు సెకన్లు భరించడం. తల్లికి ఇదే అన్నిటికంటే కష్టమైంది, నా ఎదురుగా చెల్లితో ప్రాక్టీస్ చేయించా, మూడుసార్లు మధ్యలో మాట్లాడేసింది, నాలుగోసారి చీర కొంగు గుప్పిట్లో బిగించుకుని ఆగింది.

ఇలా సర్దుకుంటోంది అనుకున్న టైమ్‌లో అసలు విషయం బయటపడింది. ఆ బ్యాచ్ తల్లుల వాట్సాప్ గ్రూప్ ఒకటుంది, అందులో ఒకావిడ ఈవిడకి ఫోన్ చేసి "మీవాడు ఇంకా ఈత పాస్ అవ్వలేదంట కదా, మావాడు చెప్పాడు" అంది. అబ్బాయికి ఈత రాదు. నేవీకి ఈత రాకుండా ఎలా తీసుకున్నారని చాలామంది అడుగుతారు, రాకపోయినా తీసుకుంటారు, అక్కడే నేర్పిస్తారు, ఈత రాని వాళ్లకి విడిగా అదనపు క్లాసులు ఉంటాయి. వీడు వారాలుగా ఆ క్లాసులకి పోతున్నాడు, నీళ్లలోకి దూకేటప్పుడు ఒళ్లు బిగుసుకుపోతోంది, బ్యాచ్ నుంచి వెనక్కి పడతానేమోనని లోపల వణికిపోతున్నాడు, ఇంట్లో మాత్రం అంతా బావుందమ్మా. ఆ ఆదివారం తండ్రి ఫోన్ లాక్కుని "మాకెందుకు చెప్పలేదు, ఊళ్లో వాళ్లు చెప్తే తెలుసుకోవాలా" అని అరిచాడు. ఆ తర్వాతి ఆదివారం అబ్బాయి కాల్ చేయలేదు.

సోమవారం పొద్దున్నే వచ్చేశారు. తల్లి "వాణ్ని వెనక్కి తెచ్చేసుకుంటాం, ఏం చేయాలో చెప్పండి" అంది, తండ్రి తెలిసిన లీడర్‌తో ఫోన్ చేయిస్తానంటున్నారు. రెండూ వద్దని గట్టిగానే చెప్పా. అగ్నివీర్‌గా చేరాక నాకు వద్దు అని మామూలుగా వచ్చేయడానికి లేదు, చాలా అసాధారణమైన పరిస్థితుల్లో, పై అధికారులు ఒప్పుకుంటేనే మధ్యలో వదిలేస్తారు. కాబట్టి "కష్టంగా ఉంటే వచ్చేయ్ నాన్నా" అని ఫోన్‌లో అనడం తేలికే, అవతల పిల్లాడు ఆ మాట పట్టుకుని రోజుకి వందసార్లు ఊగిసలాడతాడు. ఇక లీడర్ ఫోన్ వల్ల అక్కడ వాడి మీద పడేది మచ్చే. నేవీలో డివిజన్ పద్ధతి ఉంటుంది, ప్రతి ట్రైనీకి ఒక డివిజనల్ ఆఫీసర్, ఆయన కింద పెట్టీ ఆఫీసర్, వీళ్లు పరేడ్ చేయించి పోయేవాళ్లు కాదు, ఆ పిల్లల బాగోగులు చూడటం కూడా వాళ్ల డ్యూటీయే. ఇంట్లో నిజంగా అత్యవసరం అయినా, పిల్లాడి మాటల్లో చావు గురించో బతకాలని లేదనో వినిపించినా, ఆదివారం దాకా ఆగకుండా నేరుగా ఆ డివిజన్‌కే ఫోన్ చేయాలి. చేరినప్పుడు ఇచ్చిన నంబర్లు ఫ్రిజ్ మీద అతికించుకోండి, ఈ ఇంట్లో అవి బీరువాలో ఫైల్‌లో ఉన్నాయి. తల్లిదండ్రులకి దిగులు ఎక్కువైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, పగలూ రాత్రీ ఎత్తుతారు, ఈ తల్లి రెండుసార్లు మాట్లాడింది.

ఆ రోజు తండ్రితో విడిగా గంటన్నర కూర్చున్నా. పరువు అని ఎందుకంత పట్టుకున్నారు అని తవ్వుతూ పోతే వచ్చింది అసలు సంగతి, లోన్. అబ్బాయి సెలెక్ట్ అవ్వగానే మేడ మీద గదులు వేయడానికి పదేళ్ల లోన్ తీసుకున్నారు, వాడి జీతం చూసుకుని. రైలెక్కించేటప్పుడు ప్లాట్‌ఫాం మీద వాడికి చెప్పారు కూడా, "ఇంక ఈఎంఐ నీదేరా" అని, సంతోషంగానే, భుజం తట్టి. ఆయన మనసులో అది కొడుకుని పెద్దవాణ్ని చేసిన మాట. కొడుకు చెవిలో మాత్రం అది ఎలా పడిందో చూడండి, ఈత రాకపోతే ఇల్లు పోతుంది. స్విమ్మింగ్ పూల్ అంచున నిలబడ్డ ప్రతిసారీ వాడి నెత్తి మీద ఆ గదులున్నాయి.

ఆయనకి పేపర్ మీద లెక్క వేసి చూపించా. మొదటి ఏడాది నెలకి ప్యాకేజీ 30,000, అందులో 9,000 సేవా నిధికి పోయి చేతికొచ్చేది 21,000. నాలుగో ఏడాదికి 40,000 అవుతుంది, చేతికి 28,000. కట్ అయినదానికి అంతే డబ్బు ప్రభుత్వం కలిపి నాలుగేళ్ల చివర వడ్డీతో దాదాపు 11.71 లక్షలు ఇస్తుంది, దానికి పన్ను లేదు. మధ్యలో సొంతంగా మానేస్తే మాత్రం ప్రభుత్వం వాటా రాదు. నాలుగేళ్లయ్యాక రెగ్యులర్‌గా ఉంచుకునేది 25 శాతం దాకానే. అంటే ఉద్యోగం గ్యారంటీ నాలుగేళ్లు, లోన్ పదేళ్లు. ఆయన చాలాసేపు ఆ రెండు అంకెలనే చూశారు. నా అభిప్రాయం సూటిగా రాస్తున్నా, అగ్నివీర్ జీతం మీద ఇంటి అప్పులు కట్టొద్దు, ఆ డబ్బుతో వాడి తర్వాతి బతుకు మొదలవ్వాలి. వీళ్లు కింద పోర్షన్ అద్దెకిచ్చి ఈఎంఐ సర్దుకున్నారు, కొంచెం ఇరుకయ్యారు, కానీ అయింది.

ఆ సాయంత్రం ఆయన ఉత్తరం రాశారు. కొడుక్కి జీవితంలో మొదటి ఉత్తరం. మూడు పేజీలు రాసి చించేసి ఆఖరికి నాలుగు లైన్లు పంపారు, నాకు ఫోటో చూపించారు: "ఈఎంఐ సంగతి నేను చూసుకుంటున్నా, అది నీ మీద పెట్టడం నా తప్పు. ఈత వచ్చినప్పుడే వస్తుంది. నాకూ నీళ్లంటే భయం, నీకెప్పుడూ చెప్పలేదు. ఆదివారం ఫోన్ చెయ్యి, నేను అరవను."

రెండు వారాల తర్వాత, ఒక ఆదివారం, అబ్బాయి తనంతట తానే మొదలుపెట్టాడు. నీళ్లలో ముఖం పెట్టగానే ఏమవుతుందో, పెట్టీ ఆఫీసర్ పక్కనే ఉండి ముందు ఊపిరి వదలడం నేర్చుకో అంటూ ఎలా నేర్పిస్తున్నాడో, పొద్దున్నే నీళ్లు ఎంత చల్లగా ఉంటాయో. తల్లి కొంగు బిగించుకునే ఉందట. ఈత ఆ నెలాఖరుకి వచ్చింది. ఉత్తరం వల్లే వచ్చిందని నేను చెప్పను, నేర్పించిన వాళ్ల ఓపిక అది, వాడి కష్టం అది. ఇంట్లో మారింది ఒక్కటే, చెడ్డ కబురు చెప్పడానికి వాడికి చోటు దొరికింది.

అది దొరికిందో లేదో పరీక్ష కూడా వెంటనే వచ్చింది, ఈసారి ఇంటి వైపు నుంచి. నాయనమ్మ బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్. చుట్టాలందరూ ఒకటే మాట, పిల్లాడికి చెప్పకండి, ట్రైనింగ్ పాడవుతుంది. నేను చెప్పమన్నా. మీరు వాడి దగ్గర దాచితే వాడు మీ దగ్గర దాచడం మళ్లీ మొదలవుతుంది, ఇన్నాళ్లు కష్టపడి తెరిచింది ఆ తలుపే. ఎలా చెప్పాలో మాత్రం ముందే అనుకున్నాం, ముందు ఇప్పుడెలా ఉందో, తర్వాత ఏం జరిగిందో, ఆఖర్న నువ్వు రావాల్సిన అవసరం ఉందో లేదో. "నాయనమ్మ ఇప్పుడు బానే ఉంది, పడిపోయింది, ఆపరేషన్ అయింది, నువ్వు రావక్కర్లేదు, రావాల్సి వస్తే మేమే మీ డివిజన్‌కి ఫోన్ చేస్తాం." తండ్రి ఈ మాటలు చేతి మీద పెన్నుతో రాసుకుని చదివారు. వాడు కాసేపు ఏడ్చి, నాయనమ్మకి ఫోన్ ఇవ్వమన్నాడు. ఆవిడకి వినపడలేదు, అయినా మాట్లాడాడు.

శిక్షణ ముగిశాక జరిగే పాసింగ్ అవుట్ పరేడ్ గురించి ఎక్కువ రాయను. (2023 మార్చి 28న మొదటి అగ్నివీర్ బ్యాచ్ పరేడ్ సూర్యాస్తమయం తర్వాత జరిగింది, అందులో 270 మందికి పైగా అమ్మాయిలు ఉన్నారు. కూతుళ్లని పంపిన వాళ్లు కూడా నా దగ్గరికి వస్తున్నారు, వాళ్ల ఇళ్లలో ఫోన్ కంటే ముందు చుట్టాల నోళ్లతో పని ఎక్కువ, "ఆడపిల్లని అంత దూరం పంపారా" అన్నవాళ్లకి ఆ తల్లి ఏం చెప్తుందో అది ఆ అమ్మాయి చెవిన పడుతుంది.) తర్వాత వీడికి ఎలక్ట్రికల్ బ్రాంచ్ వచ్చి జామ్‌నగర్‌లోని ఐఎన్ఎస్ వల్సురా అనే నేవీ ట్రైనింగ్ సెంటర్‌కి వెళ్లాడు, ఫోన్లు తరచుగా వచ్చేవి, ఇంట్లో వాళ్లకి అది సులువైన కాలం.

తల్లి మళ్లీ దిగులులోకి జారింది వాడు షిప్ ఎక్కిన తర్వాతే. సముద్రం మీదకి పోతే సిగ్నల్ ఉండదు, ఎప్పుడు వెళ్తారో ఎప్పుడు వస్తారో వాడు చెప్పకూడదు, మూడు వారాలు నిశ్శబ్దం. ఈవిడ గ్రూప్‌లో "ఫలానా షిప్ ఎక్కడుందో ఎవరికైనా తెలుసా" అని పెట్టేసింది, తండ్రి కొడుకు యూనిఫాం ఫోటోకి షిప్ పేరు కూడా రాసి ఫేస్‌బుక్‌లో పెట్టారు. రెండూ ఆ రోజే తీయించేశా. ఇది ఉత్త జాగ్రత్త కోసం చెప్పే మాట కాదు, 2019 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ఇంటెలిజెన్స్ విభాగం ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్ పేరుతో ఏడుగురు నేవీ సిబ్బందిని పట్టుకున్న కేసు ఉంది, గూఢచారులు సోషల్ మీడియాలో పరిచయాలు పెంచుకుని ఆ కుర్రాళ్ల దగ్గర షిప్‌ల కదలికల సమాచారం లాగారు, ఆ తర్వాతే నేవీ స్థావరాల్లో, షిప్‌ల మీద స్మార్ట్‌ఫోన్లు, ఫేస్‌బుక్ నిషేధించింది. తల్లి పెట్టిన ఒక్క పోస్ట్ వల్ల కొడుకు సంజాయిషీ చెప్పుకోవాల్సిన పరిస్థితి రాకూడదు. ఆవిడకి నోట్‌బుక్ మళ్లీ చేతిలో పెట్టా. ఆ మూడు వారాలు రోజుకో పేజీ రాసింది, వాడు ఒడ్డుకొచ్చాక కట్టగా పంపింది. మొదటి నాలుగు రోజులు వాంతులతో లేవలేకపోయానని వాడు ఫోన్‌లో చెప్తే "ఇప్పుడు తగ్గిందా" అని ఒక్కటే అడిగిందట.

ఫాలోఅప్‌లో ఆఖరుగా తండ్రి నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. అబ్బాయి ఒక పరీక్షలో తప్పాడు, పైవాళ్లు గట్టిగానే అన్నారు, ఇలాగైతే నాలుగేళ్ల తర్వాత ఆ 25 శాతంలో ఉండనేమో అని భయపడుతున్నాడు, ఫోన్ చేసి మొదటి మాటే "నాన్నా, మంచి కబురు కాదు, వింటావా" అన్నాడట. ఆయన మెసేజ్ ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా: "నేనేం మాట్లాడలేదండీ మేడమ్. విన్నా. పెట్టేశాక చూసుకున్నా, పద్దెనిమిది నిమిషాలు. అంతసేపూ వాడే మాట్లాడాడు."